ఎనిమిది సిలిండర్ల నిమ్మళం

మా గంపలగూడెం ఒకప్పుడు జమీ. కోటగిరి వారిది. వారిలో వేంకటకృష్ణారావు గారికి కవిగా కూడా పేరుంది. ఇటు నూజివీడు, మైలవరం, దిగువన చల్లపల్లి, అవతల మునగాల. ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో ఎటు వెళ్లినా ఏదో ఒక జమీ సరిహద్దు తగిలేది. మన పల్లెల్లోకి మోటారు కారు వచ్చింది ముందుగా ఈ దివాణాల వాకిళ్లలోకే. పాలించేది ఇంగ్లండు, కానీ 1920ల నాటికి దేశంలోకి దిగే కార్లలో పైచేయి అమెరికా, కెనడా బళ్లది. దొరల దేశపు బండి ఉండగా డబ్బున్న మారాజులు డెట్రాయిట్ బండి వైపు ఎందుకు మొగ్గారు? దర్జా కోసమని అందరూ అనే మాట. బతుకంతా ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి, నాకు ఆ మాట చాలదు. దర్జా తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఇంజను.

ఇంగ్లండులో 1921 నుంచి కారు మీద పన్ను గుర్రానికి ఒక పౌను చొప్పున వేశారు. ఆ గుర్రాల లెక్క ఇంజను నిజంగా లాగే బలాన్ని బట్టి కాదు, సిలిండర్ల సంఖ్యను, వాటి బోరు వెడల్పును బట్టి. దాంతో అక్కడి కంపెనీలు బోరు సన్నం చేసి, స్ట్రోకు పొడుగు చేసి, చిన్న ఇంజన్లు కట్టాయి. నున్నటి రోడ్ల మీద గేర్లు మారుస్తూ పోవడానికి అవి సరిపోయేవి. అమెరికాలో అలాంటి పన్ను లేదు. పెట్రోలు చౌక, దూరాలు ఎక్కువ, పల్లె రోడ్లు బురదమయం. అందుకని వాళ్లు బోరు వెడల్పు చేసి, ఛాసిస్ ఎత్తుగా, దూలాల్లాంటి ఉక్కుతో కట్టారు. అమెరికా రైతు కోసం కట్టిన ఆ బండి మన జమీందారుకు అచ్చంగా సరిపోయింది. ఎందుకంటే ఇద్దరి రోడ్లూ ఒకటే.

తిరువూరు నుంచి మా ఊరి దారి, అక్కణ్ణుంచి వినగడప దగ్గర కట్టలేరు దాటే దారి అప్పట్లో ఎలా ఉండేవో ఊహించుకోండి. ఎండాకాలం మోకాలి లోతు దుమ్ము, వానాకాలం చక్రాన్ని పట్టుకుని వదలని రేగడి. కట్టలేరు పొంగితే దారి తెగడం ఇప్పటికీ మాకు కొత్త కాదు. అలాంటి చోట చిన్న ఇంజను గేరు గేరుకీ ఏడుస్తుంది. పెద్ద ఇంజను అలా కాదు. 1931లో బ్యూయిక్ తన కార్లన్నిటికీ వరసగా ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టింది. ప్యాకార్డ్ అంతకుముందే పెట్టింది. ఫోర్డ్ 1932లో వి ఆకారపు ఎనిమిదిని మామూలు మనిషికి అందే ధరకు దింపింది. ఎనిమిది సిలిండర్లుంటే క్రాంకు రెండు చుట్లు తిరిగేలోపు ఎనిమిది దెబ్బలు పడతాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు ఉండదు. అందుకే టాప్ గేరులోనే ఎడ్లబండి వెనక మనిషి నడకతో నడిచి, సందు దొరకగానే గేరు ముట్టుకోకుండా ముందుకు సాగిపోతుంది. అమెరికా పెద్ద కారు గొప్పతనమంతా నా దృష్టిలో ఇక్కడుంది. వేగం కాదు, నిమ్మళం.

ఆ బళ్లు మనకు చేరిన దారి కూడా చెప్పాలి. ఫోర్డ్ 1926లో బొంబాయిలో కంపెనీ పెట్టింది, కెనడా శాఖ ద్వారా. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్రీలో విడిభాగాలు తెచ్చి బండ్లు బిగించడం మొదలుపెట్టింది. మద్రాసు రాజధానిలో జనరల్ మోటార్స్ బండ్లు అమ్మింది టీవీఎస్ వారు. దివాణం డ్రైవర్లు ఇంజను విప్పడం నేర్చుకున్నది ఈ బళ్ల మీదే. వాళ్ల శిష్యులే తర్వాత బస్సు కంపెనీల్లో మేస్త్రీలయ్యారు. నా గురువుగారికి పని నేర్పింది అలాంటి ఒక దివాణం డ్రైవరే.

నిజాం సంగతి చూడండి. సింహాసనం బిగించిన రోల్స్ రాయిస్ ఆయన కుటుంబానిది. అయినా హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో రోల్స్ రాయిస్, జాగ్వార్ పక్కన ఒక ప్యాకార్డ్ నిలబడి ఉంటుంది. ఏ బండినైనా కొనగల ఇంట్లోకి అమెరికా బండి వచ్చి చేరిందంటే దాని పనితనం మీద అంతకన్నా పెద్ద సాక్ష్యం నాకక్కర్లేదు.

ఇక అందం. అది ఒక మనిషి పని. 1927లో జనరల్ మోటార్స్ హార్లీ ఎర్ల్ చేతికి ఒక ప్రత్యేక విభాగం అప్పగించింది, బండి రూపం తీర్చడానికి. అంతవరకు ఇంజనీరు ఇచ్చిన పెట్టెకు రంగు వేయడమే అందం. ఎర్ల్ మట్టితో నిండు నమూనాలు చేయించి, బండిని ఏటికేడాదీ పొడుగు చేసి, కిందికి దించాడు. 1948 కాడిలాక్ వెనక లేచిన రెక్కలకు ప్రేరణ లాక్‌హీడ్ పి-38 యుద్ధవిమానం. 1959కి ఆ రెక్కలు మనిషి నడుం దాటిపోయాయి. నాకు ఆ రెక్కలు నచ్చవు. 1961లో ఎల్వుడ్ ఎంగెల్ గీసిన లింకన్ కాంటినెంటల్ నచ్చుతుంది. పక్కల మీద ఒక్క అనవసరపు గీత లేదు, వెనక తలుపులు ఎదురు దిక్కుకు తెరుచుకుంటాయి. పెద్ద బండి నగలు పెట్టుకోకుండానే పెద్దదిగా కనిపించవచ్చని చూపించింది అదే.

మన దగ్గర ఈ కథ కుంటుపడింది రెండో ప్రపంచ యుద్ధంతో. పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సుల వెనక బొగ్గు గ్యాసు ప్లాంట్లు బిగించారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలు పోయాయి, బండి మేపే దివాణాలూ పోయాయి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారు 1947 నుంచి డాడ్జ్, ప్లిమత్ బండ్లు బిగించారు కానీ, దేశంలోనే తయారు చేయాలి, లేదంటే వెళ్లిపోవాలి అని ప్రభుత్వం గట్టిగా చెప్పాక ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ 1954లో మూటాముల్లె సర్దుకున్నాయి. ఆ తర్వాత రోడ్డు అంబాసిడర్‌ది, ఫియట్‌ది. స్వదేశీ కోసం అది సరైన నిర్ణయమే అనుకుంటాను. నా కడుపు నింపింది అంబాసిడరే. కానీ ఒక తరం మేస్త్రీలకు ఎనిమిది సిలిండర్ల చప్పుడు అపరిచితమైపోయింది. పాత బళ్లు మాత్రం అరగలేదు. 1982లో ఎన్.టి. రామారావు గారు ఊరూరా తిరిగిన చైతన్యరథం పాత షెవర్లే వ్యాను. నడిపింది ఆయన కుమారుడు హరికృష్ణ.

ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాక వచ్చిన కరువు రోజుల్లో మనకు దొరికిన అమెరికా బండి షెవర్లే ఇంపాలా. విదేశీ కాన్సులేట్ల వాళ్లు వాడి వదిలేసినవి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా బయటికొచ్చేవి. సినిమా వాళ్లు, పొగాకు షావుకార్లు, కంట్రాక్టర్లు కొనేవారు. అమెరికాలో ఇంపాలా మధ్యతరగతి బండి. 1965లో ఒక్క ఏడాదిలోనే 10 లక్షలకు పైగా అమ్ముడైంది. కాడిలాక్, లింకన్ దాని పై మెట్లు. మన దగ్గరికి వచ్చేసరికి ఇంపాలాయే మహారాజు. అంబాసిడర్ పొడవు 14 అడుగులు, వెడల్పు ఐదున్నర. 1960 ఇంపాలా పొడవు పదిహేడున్నర, వెడల్పు 6 అడుగుల 8 అంగుళాలు. పల్లె వీధిలో తిప్పాలంటే అరుగుల మీద పిల్లల్ని లేపాల్సి వచ్చేది.

1970ల చివర నేను విజయవాడ ఆటోనగర్‌లో పనికి చేరినప్పుడు మా షెడ్డుకు అలాంటి ఇంపాలా ఒకటి వచ్చింది. ఖమ్మం వైపు ఆసామిది. అంతకు కొన్నేళ్ల ముందే, 1973 చివర చమురు సంక్షోభం వచ్చి, పీపా ముడిచమురు 3 డాలర్ల నుంచి కొన్ని నెలల్లో 12 దాకా వెళ్లింది. ఇంపాలాను పెట్రోలుతో మేపడం ఇక ఎవరి వల్లా కాలేదు. అందరూ చేసింది ఒకటే, వి8 దింపి డీజిలు ఎక్కించడం. మద్రాసు సెంబియంలో సింప్సన్ వారు చేసే పెర్కిన్స్ పి6, ఫార్గో లారీల్లో వచ్చేది, పాతది దొరికింది. గొలుసుకప్పీ వేసి వి8ను పైకి లేపినప్పుడు నేను కింద నిలబడి ఉన్నాను. ఆయిలు కారకుండా, పొగ మరక లేకుండా, లోపల ఏ జబ్బూ లేని ఇంజను అది. దింపి గోనెసంచి మీద పెట్టారు.

పి6 పొడుగు, బరువు. సంపు ఛాసిస్ అడ్డకమ్మీకి తగిలింది. దాన్ని కోసి, లోతు తగ్గించి వెల్డింగు చేశారు. ముందు స్ప్రింగుల కింద ప్యాకింగులు పడ్డాయి. స్టీరింగు కింద చేతి గేరు కడ్డీలను లారీ గేరుబాక్సుకు కలపడానికి గురువుగారు మూడు రకాల లింకులు చేసి చూశారు. వి8 ఇచ్చేది 170 గుర్రాలు, పి6 ఇచ్చేది 83. గవర్నరు 2400 చుట్ల దగ్గర ఆపేస్తుంది. వెనక ఇరుసులోని క్రౌను చక్రం పాతదే కాబట్టి బండి ఎంత తొక్కినా గంటకు 90 కిలోమీటర్లు దాటదు. వేగం పోయిందని ఎవరూ బాధపడలేదు. నిమ్మళం పోయింది. ఆగి ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డు వణికేది, పక్క తలుపుల మీది నికెలు పట్టీలు గలగలలాడేవి, వెనక సీట్లో కూర్చున్న ఆసామి మాట డ్రైవరుకు వినబడాలంటే అరవాలి. ఆయన నెలకు మిగిలిన డబ్బు లెక్కేసుకుని సంతోషంగానే వెళ్లారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. బయట రూపం ఎంత చెక్కుచెదరకపోయినా, లోపల గుండె మారిన బండి ఆ బండి కాదు.

మా అమ్మాయి కాపురం డెట్రాయిట్ దగ్గర. అక్కడ కార్ల కంపెనీల్లో మన తెలుగు పిల్లలు చాలామందే ఇంజనీర్లు. డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకెళితే కెనడీ ప్రయాణించిన లింకన్ కాంటినెంటల్ చూశాను. అల్లుడు పని చేసేచోట ఎవరూ సెడాన్ల మాటే ఎత్తడం లేదట. లింకన్ టౌన్ కారు 2011లో ఆగింది. విడి ఛాసిస్ మీద వి8తో నడిచిన పెద్ద అమెరికా సెడాన్ కథ ఆ ఏడాదితో ముగిసింది. ఇంపాలా, కాంటినెంటల్ రెండూ 2020లో, క్రైస్లర్ 300 2023 చివర ఆగిపోయాయి. ఇప్పుడు వాళ్లకు అంతా ఎత్తు బళ్లే, కరెంటు బళ్లే.

మన జిల్లాల్లో మాత్రం పాత షెడ్లలో, మామిడితోటల పాకల్లో ఇంకా కొన్ని ఇంపాలాలు, డాడ్జ్‌లు పడి ఉన్నాయి. అసలు ఇంజనుతో ఉన్నది మీ ఇంట్లో ఉంటే దయచేసి డీజిలు ఎక్కించకండి, తుక్కుకు తోలకండి. షెవర్లే ఇంపాలాల్లో వాడిన చిన్న బ్లాకు వి8 కుటుంబాన్ని 1955 నుంచి కోట్ల కొద్దీ చేసింది. అందుకే ఆ కుటుంబంలోని 283 ఘనపుటంగుళాల ఇంజనుకు పిస్టన్లు, పట్టీలు, గాస్కెట్లు అమెరికాలో ఇప్పటికీ కొత్తవే అమ్ముతున్నారు, అక్కడున్న మన పిల్లలు పెట్టెలో వేసుకుని తేగలరు. బోరు 3.875 అంగుళాలు, స్ట్రోకు 3. ముందు అరుగుదల కొలిపించి, ఏ ఓవర్‌సైజు కావాలో రాసి పంపండి.