ఆది ఎవరిది, ఒళ్లు ఎవరిది?

దర్జీ దుకాణం మెట్టెక్కిన ప్రతి తెలుగు ఆడమనిషికీ 'ఆది' అన్న మాట తెలుసు. ఒంటికి కుదిరిన పాత జాకెట్టును కొత్త బట్టతో పాటు ఇచ్చి, దీని ప్రకారం కుట్టమని చెప్తుంది. ఆ పాత జాకెట్టే ఆది. ఆది అంటే మొదలు అని కూడా అర్థం. మా బతుకులో ఈ రెండు అర్థాలూ కలగలిసిపోయాయి. మీ మొదలెక్కడ అని మమ్మల్ని నిలదీసేవాళ్లే మాకు ఏ ఆది పెట్టి కత్తిరించాలో కూడా తేల్చేస్తున్నారు. ఒకరు అరబ్బు దేశం ఆది తెస్తారు. ఒకరు నిజాం దర్బారు ఆది తెస్తారు. మా ఒంటికి టేపు పెట్టి చూసినవాళ్లు తక్కువ. అందుకే మేము చరిత్రను ఈసారి దర్జీ బల్ల మీద పరిచి చూడాలనుకున్నాం.

దిల్‌సుఖ్‌నగర్ పెద్దరోడ్డు దిగి గడ్డిఅన్నారం గల్లీల్లోకి నడిస్తే ఈ బల్ల కనిపిస్తుంది. ఫాల్, పీకో, ఆల్టరేషన్ అని రాసిన చిన్న చిన్న దుకాణాలు. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసేదాకా గడ్డిఅన్నారం విడి మున్సిపాలిటీ. మొజంజాహీ మార్కెట్ నుంచి తరలి వచ్చిన పండ్ల మార్కెట్‌తో దీని పేరు జిల్లాలన్నిటికీ తెలిసింది. ఆ మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది, పేరు మిగిలింది. నల్గొండ దారిన బస్సెక్కి వచ్చినవాళ్లు దిగి నిలదొక్కుకున్న చోటిది. కుట్టుపని కులవృత్తిగా ఉన్న మేరోళ్లూ, ఇద్రీస్ ప్రవక్తను తమ పనికి మూలపురుషుడిగా తలుచుకునే ముస్లిం దర్జీలూ ఒకే రకం మిషన్ తొక్కుతారు. పెళ్లి జాకెట్టు కుట్టించుకునే పిల్ల మాస్టర్ మతం అడగదు. భుజం కుదిరిందా లేదా అని చూసుకుంటుంది.

ఆదిని నమ్ముకుని కుట్టే పనిలో ఒక చిక్కుంది. ఒళ్లు మారుతుంది, ఆది మారదు. కాన్పయ్యాక, వయసు పైబడ్డాక అదే కొలతకు కుడితే చంక దగ్గర లాగుతుంది, వీపున ముడత పడుతుంది. పనితెలియనివాడు పక్క కుట్లు విప్పి వదులు చేస్తాడు. అప్పుడు నడుము వదులవుతుంది కానీ ఛాతీ దగ్గర లాగుడు అట్లాగే ఉంటుంది. పనితెలిసిన కటింగ్ మాస్టర్ ముందు ముడతను చదువుతాడు. ముడత ఎటు చూపిస్తే కొరత అక్కడుంది. కాగితం కటింగును నడుము నుంచి ఛాతీ దాకా, అక్కడి నుంచి చంక దాకా కోసి, కావలసినంత ఎడం చేసి, కింద ఇంకో కాగితం ముక్క అంటిస్తాడు. వచ్చిన ఎక్కువను టక్కులోకి తీసుకుంటాడు. వీపు వంగిన ముసలాయన షేర్వానీ అయితే కాలర్ మెడను వదిలి వెనక్కి పోతుంది, వెనక అంచు పైకి లేస్తుంది. అప్పుడు వీపు భాగాన్ని రెక్కల ఎముకల దగ్గర అడ్డంగా కోసి పొడుగు పెంచాలి. ఒక భుజం దిగి ఉంటే ఆ పక్క చంకను కూడా అంతే దించాలి. ఆ తరువాత కచ్చా కుట్టు వేసి తొడిగి చూడాలి. ఇంత పనిలో ఎక్కడా నీ వీపు తప్పు, నీ భుజం తప్పు అన్న మాట రాదు. తప్పు కాగితానిది. దిద్దేది కాగితాన్నే.

మా పెద్దలు తొడిగిన షేర్వానీ పుట్టిందే ఇట్లాంటి దిద్దుబాటు నుంచి. మొగలాయీల కాలపు అంగర్ఖా ఎక్కువగా నిలువు ముక్కలు, కలీలు, చంక కింద పెట్టే చిన్న పలక ముక్కలతో తయారయ్యేది. బట్ట వృథా అయ్యేది కాదు. ఒంటికి అంటుకోకుండా వేలాడేది, ముడులతో కట్టుకునేది. ఇంగ్లీషువాళ్ల ఫ్రాక్ కోటు లెక్క వేరు. భుజం మీద కుట్టు, గుండ్రంగా కోసిన చంక, లోపల అస్తరు, ముందు గుండీలు. 19వ శతాబ్దంలో మన దర్జీలు ఈ రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. చప్కన్, అచ్కన్ మీదుగా షేర్వానీ వచ్చింది. పొడుగు ఇక్కడిది, చంక అక్కడిది, నిలువు కాలర్, మెడ నుంచి నడుము దాకా గుండీలు. దొరల కోటును దొరలు ఇచ్చినట్టే తొడగలేదు, తాతల అంగర్ఖాను తాతలు ఇచ్చినట్టే ఉంచలేదు. దాన్ని ఈ ఎండకు, ఈ ఒంటికి, ఈ కూర్చోవడానికి సరిచేశారు. ఆ దర్జీల పేర్లు ఏ ఫర్మానాలోనూ లేవు. తొడిగినవాళ్ల ఫోటోలే మిగిలాయి.

బట్టను కూడా అట్లాగే సరిచేసుకున్నారు. అచ్చమైన పట్టు మగవాడి ఒంటికి తగలకూడదని మత నియమం. నేతగాళ్లు పైన పట్టు, లోపల నూలు వచ్చేటట్టు మష్రూ నేశారు. మష్రూ అంటే అనుమతి ఉన్నదని అర్థం. నియమం నిలిచింది, సోకూ నిలిచింది. అప్పటి హైదరాబాద్ రాజ్యంలోని ఔరంగాబాద్‌లో నూలూ పట్టూ కలిపి నేసిన హిమ్రూతో షేర్వానీలు కుట్టేవారు.

ఆరో నిజాం, ఏడో నిజాం కాలానికి షేర్వానీ హైదరాబాద్ పెద్దమనుషుల దుస్తైంది. అది ముస్లింల బట్ట మాత్రమే అని ఎవరూ అనుకోలేదు. ప్రధానిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్, కొత్వాల్ రాజా బహదూర్ వెంకటరామారెడ్డి అదే దర్బారీ దుస్తుల్లో ఫోటోలకు నిలబడ్డారు. జేబు, కమీజు, పైజామా, దస్తీ, అస్తరు, కాజాలు... దర్జీ పనిలోని ఈ మాటలు తెలుగులో ఎప్పుడో కలిసిపోయాయి. ఇవి పరాయివని ఏరి పారేస్తే తెలంగాణ తెలుగువాడి ఒంటి మీద ఏముంటుంది?

ఇక్కడ మేము ఒక మాట దాచకుండా చెప్పాలి. దర్జీలు ఒంటిని చూసి కత్తిరిస్తే, సర్కారు ఆదిని చూసి కత్తిరించింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైంది. దేశీ భాషలో పెద్ద చదువు చెప్పడం గొప్ప పనే. కానీ జనంలో దాదాపు సగం తెలుగువాళ్లున్న రాజ్యమది. పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లాడికి ఆ చొక్కా భుజం దగ్గర లాగింది. మేము రెండు భాషల్లో రాసి బతికేవాళ్లం కనుక ఆ లాగుడు మాకు తెలుసు. 1948 తరువాత, 1956 తరువాత ఆది మారింది, పద్ధతి మారలేదు. ఈసారి ఉర్దూ పిల్లాడి భుజం లాగింది. ఉర్దూకు తెలంగాణ అంతటా రెండో అధికార భాష హోదా రావడానికి 2017 దాకా పట్టింది.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా నడిచిన పోలీసు చర్య, ఆ వెనకే జరిగిన ఊచకోత బట్టల అర్థాన్ని కూడా మార్చేశాయి. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు. అందరూ తొడిగిన షేర్వానీ, రూమీ టోపీ తరువాతి కథల్లో, సినిమాల్లో రజాకారుకు గుర్తులయ్యాయి. దర్బారు బట్ట హిందూ పెద్దల ఒంటి మీద హోదాగా మిగిలింది. మా ఒంటి మీద నేరమైంది. నిజాం జాగీర్లలో వెట్టి చేసిన దూదేకుల, ఫకీరు, కసాబు ఇండ్లలో షేర్వానీ కుట్టించుకునే స్తోమత ఎవరికుండింది? తొడగని బట్టకు కూడా మేమే జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

ఈ తూర్పు హైదరాబాద్‌లోనే ఇంకో రకం ఆల్టరేషన్ జరిగింది. గడ్డిఅన్నారానికి దగ్గర్లో, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద, నిజాం సైన్యానికి యూరప్ పద్ధతి నేర్పిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. ఆయన 1798లో చనిపోయాడు. జనం నోటికి మోస్యే రేమండ్ పట్టలేదు. హిందువులు మూసారాం అన్నారు, ముస్లింలు మూసారహీం అన్నారు. పక్కనున్న మూసారాంబాగ్ పేరు అట్లా నిలిచింది. పరాయివాణ్ని తమవాడిగా చేసుకోవడానికి ఆ మనిషిని కోయలేదు. పేరును తమ నోటి కొలతకు సరిచేసుకున్నారు.

అదే తోవలో, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. ఇంటికి పోతున్న మామూలు జనం చచ్చిపోయారు. ఆ దుఃఖం అందరిదీ. కానీ ఆ తరువాత బస్సులో, హోటల్లో కుర్తా పైజామా మీద, గడ్డం మీద పడిన చూపు మా ఒక్కరిదే అయింది. 2022లో కర్ణాటకలో యూనిఫాం పేరుతో హిజాబ్ వేసుకున్న పిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టారు. ఆ ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలూ చెరో తీర్పు చెప్పారు. అందరికీ ఒకే కొలత అన్నప్పుడు ఆ కొలత ఎవరి ఒంటిది అని అడగాలి.

ఈ ప్రశ్న బట్టల వ్యాపారానికి కూడా ఎదురైంది. 1863లో అమెరికాలో బటరిక్ అనే దర్జీ రకరకాల సైజుల్లో కాగితం కటింగులు అమ్మకానికి పెట్టాడు. అక్కడి ఒళ్లను బట్టి పుట్టిన సైజులు లోకమంతా తిరిగాయి. రెడీమేడ్ కొనుక్కున్న మనవాళ్లు దాన్ని గల్లీ దర్జీ దగ్గర చేతులు పొట్టి చేయించుకుని తొడుక్కున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బై ఏళ్ల తరువాత గానీ ఈ దేశం తన జనం ఒంటికి టేపు పెట్టలేదు. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో పాతికవేల మంది కొలతలు తీయాలని నిఫ్ట్ పూనుకుంది. చొక్కా కోసం చేయగలిగిన పని పౌరుడి కోసం చేయలేమా?

ఈ ప్రశ్న మా లోపలివాళ్లకు కూడా. తెలంగాణ పల్లెల్లో మా అమ్మలు, నానమ్మలు చీర కట్టి, కొంగు నెత్తిన కప్పుకుని నాట్లు వేశారు. వాళ్ల ఈమాన్‌కు ఏ లోటూ రాలేదు. ఇప్పుడు గల్ఫ్ నుంచి వచ్చిన నల్ల కటింగే అసలు ఆది అని చెప్పేవాళ్లు ఆ తల్లుల్ని సగం ముస్లింలను చేస్తున్నారు. ఏది తొడగాలో తొడిగే ఆడపిల్ల చెప్పాలి. విప్పమనే హక్కు బయటివాళ్లకు లేదు, వేయమనే హక్కు లోపలివాళ్లకు లేదు.

రంజాన్ నెలలో సగం గడిచేసరికి దర్జీలు కొత్త ఆర్డర్లు తీసుకోవడం మానేస్తారు. చాంద్ రాత్ దాకా మిషన్ ఆగదు. అప్పుడు కూడా పిల్లల బట్టకు లోపల వేలెడు మడత వదలడం మరిచిపోరు. పిల్లాడు పెరుగుతాడని, వచ్చే ఏడు విప్పి వదులు చేసుకోవచ్చని. మేము అడుగుతున్నది అంతకన్నా ఎక్కువ కాదు. తెలుగు చరిత్ర కుట్టేవాళ్లు మా కొలత మా ఒంటి మీదే తీసుకోవాలి. మా పిల్లలు పెరగడానికి లోపల కాస్త బట్ట వదలాలి.