ఎట్‌కామ్ (వైద్య విద్య)

వైఖరి, నైతికత, సంభాషణల్లో ఎంబీబీఎస్ విద్యార్థులకిచ్చే శిక్షణ. భారత వైద్య మండలి దీన్ని 2019లో చేరిన బ్యాచ్ నుంచి దేశమంతటా పాఠ్యక్రమంలో చేర్చింది. 1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాలకూ, 2006 నాటి కడప రిమ్స్‌కూ ఇదే వర్తిస్తుంది. చెడు కబురు చెప్పడం, ఆపరేషన్‌కు సమ్మతి తీసుకోవడం లాంటివి కేసు చర్చలతో, పాత్రాభినయంతో నేర్పుతారు.

కర్నూలు పెద్దాసుపత్రికి తెలంగాణ, కర్ణాటక పల్లెల నుంచీ రోగులు వస్తారు. సీమ యాసతోపాటు ఉర్దూ, కన్నడం వినబడుతుంటాయి. "కళ్లు బైర్లు కమ్ముతాండాయి" అన్నవారిది రక్తహీనతా, చక్కెర పడిపోవడమా, ఎండదెబ్బా అన్నది ఓపిగ్గా అడిగితే గానీ తేలదు. కిక్కిరిసిన ఓపీలో ఆ తీరిక దొరకడమే కష్టం. పాఠ్యక్రమం దీనికి జవాబివ్వలేదు.

ఎట్‌కామ్‌తోపాటు, 2021–22 బ్యాచ్ నుంచి విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకుని, కొన్నేళ్లపాటు వారి ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలి.