చూస్తే చాలదు, నొక్కాలి!

మొన్న దసరాకి కోరుట్ల పోతే అమ్మ బీపీ గోలీల డబ్బా నిండుగా కనిపించింది. ఏంటమ్మా ఇది అంటే, "దినాం ఫోన్ల సూస్కుంటున్న కొడుకా. 118, 122... మంచిగనే సూపెడ్తంది. ఇగ గోలీలెందుకని బంద్ జేసిన" అంది. సిరిసిల్లలో సాంచాలు నడిపే మా చిన్నమ్మ కొడుకు ఏదో ఉచిత యాప్ వేసిచ్చాడట. కెమెరా మీద వేలు పెడితే అర నిమిషంలో బీపీ! నేను మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి వేలు పెట్టా. 119. జగిత్యాల నుంచి అక్క బీపీ మిషన్ తెచ్చి అమ్మ చేతికి పట్టా చుడితే 168/98. గుండె గుభేలుమంది.

పాపం, తమ్ముడిదేం తప్పు లేదు. తప్పెక్కడుందో తెలియాలంటే కాస్త చరిత్రలోకి పోవాలి.

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు ఓ గుర్రం ధమనిలో గొట్టం గుచ్చి, దానికి నిలువుగా గాజు గొట్టం తగిలించాడు. నెత్తురు 8 అడుగుల పైకి ఎక్కింది. 1733లో ఆ సంగతి పుస్తకంలో రాశాడు. గుండె తోపుడుకి ఎదురు నిలిచింది ఆ నెత్తురు స్తంభం బరువే. మనుషుల్ని అలా పొడవలేం కదా! 1896లో ఇటలీ డాక్టర్ రివా-రోచి చేతికి రబ్బరు పట్టా చుట్టి, నాడి ఆగేదాకా గాలి కొట్టి, పాదరసం ఎంత ఎత్తుకి లేచిందో చూశాడు. 1905లో రష్యాలో కొరొత్కోవ్ ఆ పట్టా కింద స్టెతస్కోపు పెట్టి, చప్పుడు మొదలైనచోట పై అంకె, ఆగినచోట కింది అంకె అన్నాడు. (సాంచాల షెడ్డులో ఆ చప్పుడు వినాలంటే కష్టమే :) ) ఇప్పటి మిషన్లు చప్పుడు బదులు పట్టాలో గాలి అదురుని పసిగడతాయి. మినమాటా ఒప్పందం పాదరసం బీపీ మిషన్ల తయారీకి 2020 గడువు పెట్టింది. అయినా మనం ఇంకా "మిల్లీమీటర్ల పాదరసం" అనే అంటున్నాం, పాత కోడ్‌లో మిగిలిపోయిన వేరియబుల్ పేరులాగా.

వీటన్నిటిలో ఒకటే సూత్రం. ఎంతో తెలిసిన బలంతో ఎదురు నొక్కాలి. అప్పుడే లోపలి బలమెంతో తెలుస్తుంది.

మరి కెమెరా? దాని వంశం వేరు. 1930లలో అమెరికాలో హెర్ట్జ్‌మన్ అనే శాస్త్రవేత్త చర్మం మీద వెలుగు వేసి, నెత్తురు నిండినప్పుడల్లా వెలుగు ఎలా మారుతుందో కొలిచాడు. ఫోన్ ఫ్లాషూ కెమెరా చేసేది అదే. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో దానికి తెలుస్తుంది. పొలంలో మోటారు పైపు ఉబ్బడం చూసి ఎన్నిసార్లు ఉబ్బిందో లెక్కపెట్టొచ్చు. లోపల ప్రెషరెంతో చెప్పగలమా? పైపు గట్టిదో మెత్తదో తెలియాలి కదా. అక్కడినుంచి యాప్ చేసేది అంచనా మాత్రమే. కొన్ని యాప్‌లు ఆ అంచనా కూడా వెయ్యవేమో అని నా అనుమానం.

ఇది కొత్త కథేం కాదు. అమెరికాలో 2014లో వచ్చిన ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్ అనే యాప్ లక్షకి పైగా అమ్ముడయ్యింది. 2016లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు పరీక్షించి చూస్తే, బీపీ ఎక్కువున్న ప్రతి 5గురిలో దాదాపు నలుగురికి "నార్మల్" అని చూపించింది. ఆ ఏడాది డిసెంబరులోనే అమెరికా వాణిజ్య కమిషన్ కేసు కూడా తేలింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. 2023లో శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఫోన్‌కి తగిలించే చిన్న ప్లాస్టిక్ క్లిప్ చేశారు, సామాను ఖర్చు 80 సెంట్లే. అందులో స్ప్రింగ్ మీద వేలితో నొక్కాలి. చూశారా, మళ్ళీ నొక్కడమే!

బగ్ ఉన్న యాప్ క్రాష్ అయితే నయం, తెలిసిపోతుంది. ఇది నవ్వుతూ 120 చూపిస్తుంది. బీపీకి నొప్పి ఉండదు కాబట్టి మనిషి నమ్మేస్తాడు. గల్ఫ్‌లో కొడుకులు, హైదరాబాదులో మనం వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ చూసి "హమ్మయ్య" అనుకుంటాం.

డాక్టరు అమ్మకి మళ్ళీ గోలీలు మొదలుపెట్టారు. నేను చేతికి చుట్టే మిషన్ కొనిచ్చా. అయిదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, రెండుసార్లు చూసుకోమన్నా. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లు కూడా ఈ వారం ఓసారి తీసి చూడండి. గోలీల డబ్బా కూడా.