పండ్రెండవ వంతు లోకము

ఆమ్‌స్టర్‌డాం నగరమందలి రైక్స్ మ్యూజియమున తాబేటిచిప్ప తాపిన పెద్ద బీరువా యొకటి కలదు. దాని తలుపులు తెరచిచూచినచో లోపల కనబడునవి పట్టుబట్టలు కావు, ఒక భాగ్యవంతుని లోగిలి. వంటయిల్లు, పడకటిల్లు, పురిటిగది మొదలుగా సమస్తమును అంతస్తుల వారీగా అమరియున్న యీ బొమ్మరిల్లును పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ అను వణిక్పత్ని 1686 మొదలు 1710 వరకు, పిల్లల యాటకై గాక తన వేడుకకై, ఒక్కొక్క వస్తువునే సమకూర్చుకొనుచు కూర్పించెను. ఇందలి పింగాణీ పాత్రలను ఆమె చీనాదేశమున ప్రత్యేకముగా చేయించి తెప్పించినదన్నచో ఆ వేడుక యెంతటిదో యూహించుకొనవచ్చును. ఇచ్చటి ప్రతివస్తువును చిన్నదిగానే జన్మించినది. పెద్దదానిని కుదింపగా మిగిలినది కాదు. ఈ భేదమును మనస్సున నుంచుకొననిదే, నేటి ఔత్సాహికులు కంప్యూటరు తెరపై చిత్రములను కుదించి, కాగితముపై అచ్చొత్తి, బొమ్మరిండ్లను నింపుచున్న విద్య మనకు బోధపడదు.

బొమ్మరింటికి ప్రాణము కొలత. మన సంక్రాంతి కొలువున కొండపల్లి యేనుగంబారీ ప్రక్కన దానికి సరిజోడైన యెత్తున రైతు నిలిచినను, ఆ యిరువురికంటెను కృష్ణుడు పెద్దవాడైనను ఎవరికిని పట్టింపు లేదు. లక్కపిడతలలో వండిన ఉత్తుత్తి యన్నమును ఆరగించువారికి కొలబద్దతో పనిలేదు. అది లోపమని నేననుకొనను. పాశ్చాత్యుల బొమ్మరిల్లు మాత్రము, ముఖ్యముగా గత శతాబ్దమునుండి, అడుగునకు అంగుళమను నియమమునకు కట్టుబడినది: ఆరడుగుల ద్వారము ఆరంగుళములు, ముప్పది అంగుళముల బల్ల రెండున్నర.

ఈ నియమమునకు రాజముద్ర వేసినది ఇంగ్లండు నందలి మేరీ రాణి బొమ్మరిల్లు. రాకుమారి మేరీ లూయిస్ సంకల్పింపగా 1921-24 సంవత్సరముల మధ్య దీనిని రూపొందించినవాడు సర్ ఎడ్విన్ ల్యుటెన్స్. ఒక చేత క్రొత్త ఢిల్లీ నగరమును, అటుపిమ్మట అచ్చటనే నైజాము ప్రభువునకు హైదరాబాద్ హౌస్‌ను కల్పించిన యా మహాశిల్పియే, వేరొక చేత అయిదడుగుల యెత్తుగల మేడలో విద్యుద్దీపములను, నీరు పారు కొళాయిలను, పైకి క్రిందికి నడచు లిఫ్టులను అమర్చెను. 1924లో వెంబ్లీ ప్రదర్శనమున దీనిని పదునారు లక్షలకు పైగా జనులు చూచిరి. నేడిది విండ్సర్ కోటయందున్నది.

అందు నాకు మిక్కిలి ప్రియమైనది గ్రంథాలయము. అగ్గిపెట్టెకంటె చిన్నవైన పుస్తకములలో తమ రచనలను వ్రాసియిమ్మని నిర్వాహకులు నాటి ప్రసిద్ధ రచయితలను కోరిరి. అపుడు ఆర్థర్ కోనన్ డాయిల్, తన షెర్లాక్ హోమ్స్ కథలలో నేదేని యొకదానిని చీమతలకాయలంత యక్షరములతో నకలు తీయింపక, వాట్సన్ తన మిత్రుని యూహాపద్ధతిని అనుకరింపబోయి భంగపడుటను గూర్చి సుమారు 500 మాటల క్రొత్త కథ నొకదానిని ఆ పుటల కొరకే కల్పించి, స్వహస్తముతో వ్రాసి పంపెను. అక్షరమును కుదింపక కథను కుదించెనన్నమాట. కలము పాళీకి ఒక హద్దు, కంటికి ఒక హద్దు కలవు గావున, వానికి లోబడి విషయమునే తగ్గించుకొనుట పూర్వుల మార్గమైనది.

రెండవ మార్గమును తెరచినది ఛాయాగ్రహణము. లివర్‌పూల్ నగరమున దృక్సాధనములను తయారుచేయుచుండిన జాన్ బెంజమిన్ డాన్సర్, ఆ విద్య లోకమునకు వెల్లడియైన 1839 ప్రాంతముననే, ఇరువది అంగుళముల పత్రమును అంగుళములో ఎనిమిదవ వంతునకు దించెను. 1870-71లో ప్రష్యాసేనలు పారిస్‌ను ముట్టడించినపుడు రెనే డాగ్రోన్ ఉత్తరములను సన్నని పొరలపై కుదించి పావురముల ద్వారమున నగరములోనికి పంపగా, అచ్చటివారు దీపపు వెలుగున వానిని గోడపై పెద్దవిగా చేసి, గుమాస్తాలచే తిరిగి వ్రాయించుకొనిరి. పిదప గ్లాస్గో నగరమున డేవిడ్ బ్రైస్ ఇట్టి కుదింపుతోనే అంగుళమంతటి ఖురానును అచ్చువేసి, భూతద్దము పొదిగిన లోహపు డబ్బీలలో నుంచి అమ్మెను. అరబ్బు వీరుడు ఔదా అబూ తాయీ రక్షరేకుగా ధరించిన ఖురానుకు 120 పౌండ్లు పోసెననియు, నిజమునకది పదునెనిమిది పెన్నీల గ్లాస్గో ప్రతియనియు, ఆ మాట ఆయన యెదుట ననుటకు మాత్ర మెవరికిని గుండె చాలలేదనియు టి. ఇ. లారెన్స్ వ్రాసియున్నాడు. ఎంత చిన్నదైనను ఇట్టి ముద్రణమున భూతద్దము పట్టినచో అక్షరము సజీవముగనే కనబడును. ఛాయాగ్రహణపు రేణువు అంత సూక్ష్మమైనది.

కంప్యూటరు ముద్రణమున రేణువు స్థానమున చుక్క యున్నది, ఆ చుక్కకు నిర్ణీతమైన పరిమాణమున్నది. 1985లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన లేజర్‌రైటర్ ప్రింటరు అంగుళమునకు 300 చుక్కలు వేయగలిగెను. 1990లో ఫోటోషాప్ వెలువడిన పిదప, చిత్రమును కుదించుట క్రమముగా ఇండ్లలో సాగు పనియైనది. ఇపుడు బొమ్మరింటి తాతగారి చేతికొక వార్తాపత్రికను ఈయవలెనని సంకల్పింతము. పత్రికయందలి అక్షరము 9 పాయింట్లన్నచో పండ్రెండవ వంతున నది ముప్పాతిక పాయింటగును. అంగుళములో 96వ వంతు. 300 చుక్కల ప్రింటరున అక్షరమునకు మూడు చుక్కలు దక్కును. మూడు చుక్కలలో ఆంగ్లాక్షరమే నిలువజాలకున్న, నెత్తిన గుడిదీర్ఘమును కాళ్లక్రింద రెండు ఒత్తులను మోయు మన ‘స్త్రీ’ యెట్లు నిలుచును? 1200 చుక్కల యంత్రమైనచో పండ్రెండున్నర చుక్కలు దక్కును. శీర్షికలు చక్కగా చదువవచ్చును, వార్తలను చదువుచున్నట్లు భ్రాంతి పొందవచ్చును.

ఇందొక మర్మము కలదు. నిలువున 12, అడ్డమున 12 వెరసి 144 పిక్సెళ్లను కలిపి సగటున ఒక్కటిగా చేయుట ఒక విధమైన కుదింపు. దానివలన నల్లని సిరాయు తెల్లని కాగితమును కలసి బూడిదవర్ణమై, పుటయంతయు మసకబారును. పిక్సెళ్లలో నొక్కదానినైనను పారవేయక, అంగుళమునకు 100 ఉన్నవానిని 1200 గా దట్టించి అచ్చువేయుట రెండవ విధము. అనుభవజ్ఞులు రెండవదానినే యాశ్రయించి, ప్రింటరు తన యిష్టము చొప్పున బొమ్మను పుటనిండ సాగదీయకుండ ఆ సౌకర్యమును ఆపివేసి, మూలనొక అంగుళపు గీతను చేర్చి, అచ్చైన పిదప స్కేలుతో కొలిచి చూచుకొందురు. అయినను ఇంక్‌జెట్ సిరా మామూలు కాగితముపై ప్రాకి అక్షరముల కడుపులను పూడ్చివేయును గావున, సన్నగీతలను చెరిపి, ఉన్న గీతలను తేటపరచి, సబ్బుపెట్టెపై పేరు మాత్రము మిగిల్చి తక్కిన వ్రాతనంతను తీసివేయవలసి వచ్చుచున్నది. డాయిల్ కలముతో చేసిన పనినే వీరు మౌసుతో చేయుచున్నారని నా యభిప్రాయము.

అట్లని కుదింపు అన్నిచోట్ల ఓడునని తలపరాదు. టేకుచెక్కతో బొమ్మరింటి బల్లను చేసినచో దాని చారలు బల్లకు మించినవిగా కనబడును. చెట్టు మన కొలతను పాటింపదు కదా! అందుచే పూర్వులు బేరికర్రవంటి సన్నని చారల కలపను వెదకుకొనెడివారు. టేకు ఛాయాచిత్రమును కుదించి అచ్చొత్తి యంటించినచో చార సరియైన కొలతకు దిగివచ్చును. పందొమ్మిదవ శతాబ్దాంతమున అమెరికాయందు బ్లిస్ సంస్థ ఇటుకలను, కిటికీలను రాతియచ్చున ముద్రించిన రంగు కాగితములను చెక్కపై నంటించి బొమ్మరిండ్లను అమ్మినపుడే ఈ యుపాయము వ్యాపారములోనికి వచ్చినది. గోడకాగితములు, నేలపలకలు, తివాచీలు అనువానియందు అచ్చుబొమ్మ అసలు పదార్థముకంటె నమ్మదగినది.

కాగితపు మందము మాత్రము ఏ తెరకును లొంగలేదు. ఆకు మిల్లీమీటరులో పదవ వంతు చొప్పున 300 ఆకుల నవల 30 మిల్లీమీటర్ల మందముండగా, బొమ్మరింట దానికి దక్కు చోటు 2.5 మిల్లీమీటర్లు, అదే కాగితమైనచో అందు పట్టునవి 25 ఆకులే. తక్కిన 275 ఆకులకు చోటు లేకపోవుటచే, ఈ యలమారులలో చాల పుస్తకములకు అట్ట మాత్రమే అచ్చు, లోపలిది చెక్కముక్క. రాణిగారి గ్రంథాలయమునకు రచన పంపుటకు నిరాకరించిన బెర్నార్డ్ షా గ్రంథావళిని నేడు ఎవరైనను ఒక్క పూటలో కుదించి వరుసగా నిలుపుకొనవచ్చును. చదువుటకు లోపలేమియు నుండదు గావున ఆయనకును అభ్యంతర ముండనక్కరలేదు.