పొడుగంచు బయటికి

కైకలూరు. పొద్దున్న ఏడున్నర. ఆటపాక వైపు నుంచి గూడబాతుల గుంపొకటి పెరట్లో కొబ్బరిచెట్ల మీదుగా కొల్లేటి మీదికి సాగిపోతోంది. వసారాలో చాప మీద 13 చదరాలు మూల మీద నిలబడి ఉన్నాయి. వరసకి ఒకటి, మూడు, అయిదు, మూడు, ఒకటి. అన్నీ మా ఇంట్లో పాత నేతచీరల ముక్కలే. ఏలూరులో మా తమ్ముడికి పుట్టిన పాపకి బొంత.

చదరాన్ని మూల మీద నిలబెడితే అందమే వేరు. కానీ చుట్టూ పళ్లచక్రంలా ఖాళీలు మిగులుతాయి. పక్కల్లో ఎనిమిది, మూలల్లో నాలుగు. ఆ ఖాళీల్లోకి వచ్చే ముక్కోణాలే బొంతని నిలబెట్టేది, పాడుచేసేది.

నేను మొదట కుట్టిన బొంతకి అంచులన్నీ అలల్లా లేచాయి. ఎంత ఇస్త్రీ చేసినా దిగలేదు. పెద్దమ్మ దాన్ని చూసి ఒక్క మాటే అంది: "పొడుగంచు క్రాసులో పడిందే అమ్మడూ."

ఇవాళ ఆవిడ ముందే చీరముక్కకి గంజి పెట్టి ఆరేసింది. ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్ట ఇప్పుడు కాగితంలా నిలుస్తోంది. టేపు తీసి చదరానికి మూల నుంచి మూలకి కొలుస్తుంది. కుట్టు పోగా చదరం 10 అంగుళాలు, మూలకొలత 14 దాటి కాస్త. నా లెక్క 1.414తో గుణించడం. యజ్ఞవేదికలు కట్టేవాళ్ల కోసం బౌధాయన శుల్బసూత్రం చెప్పిన లెక్కా అదే. 14.14కి కుట్టుకోసం ఒకటింపావు కలిపితే 15.39. "పదిహేనున్నర పెట్టు, మిగిలింది తర్వాత కత్తిరిద్దాం," అంటుంది.

పదిహేనున్నర అంగుళాల చదరం మీద సుద్దతో రెండు గీతలు, ఇంటూ గుర్తులా. కత్తెర కరకరలాడుతుంది. నాలుగు ముక్కోణాలు. ఒకటి తీసుకుని పొడుగంచు పట్టుకు లాగుతాను. కదలదు. అది పడుగు వెంట తెగిన అంచు. ఏలూరు తివాచీల మగ్గం చూసినవాళ్లకి పడుగు బిగువు గురించి చెప్పక్కర్లేదు. పొట్టి అంచుని లాగితే మాత్రం క్రాస్ కట్ జాకెట్టులా సాగుతుంది. సాగే అంచు లోపలికి, చదరం పక్కకి పోతుంది. సాగనిది బొంతకి బయటి అంచవుతుంది. ఇలాంటి చదరాలు రెండు చాలు, ఎనిమిదీ వచ్చేస్తాయి.

మూలముక్కలకి కోత వేరు. అక్కడ బయటికొచ్చేవి రెండు పొట్టి అంచులు. అందుకని 8 అంగుళాల చదరాన్ని ఒక్కసారే, మూల నుంచి మూలకి కోయాలి. నేను అప్పట్లో పక్కముక్కల్ని కూడా ఇలాగే కోశాను.

ఇక మిషన్. ముక్కోణం కింద, చదరం పైన. కింద పళ్లు బట్టని తీసుకుపోతాయి కాబట్టి సాగే అంచు అటువైపే ఉండాలి. లంబకోణం మూలలు రెండూ కలిపి గుండుసూది గుచ్చుతాను. రెండో చివర ముక్కోణం కొస చెవిలా బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని చదరం మూలకి ఈడ్చి సరిపెట్టాలని చెయ్యి ఆరాటపడుతుంది.

"లాగకు. దాని పాటికి దాన్ని పోనీ."

చేతులు వదులు చేస్తాను. పావంగుళం కుట్టు తిన్నగా పోతుంది. ఇస్త్రీపెట్టెని రాయను, ఎత్తి ఎత్తి అద్దుతాను. చెవి కత్తిరిస్తాను.

వరసలు కలిసేసరికి ఎండ వసారా సగానికొచ్చింది. నాలుగో మూల కుట్టి, అంచులు సాపు చేస్తున్నాం. చదరాల కొసల అవతల పావంగుళం వదలాలి, లేకపోతే అంచుపట్టీ కింద కొసలు తెగిపోతాయి. పెద్దమ్మ దాన్ని నేల మీద పరిచి, మోకాళ్ల మీద వంగి, నాలుగు పక్కలా అరచేత్తో రాస్తుంది. ఎక్కడా లేవలేదు. నలభై మూడుకి కాస్త తక్కువ, ఎటు కొలిచినా.

"లోపలికి తాతయ్య పంచె పెడదాం. తీసుకురా," అంటుంది, ఇంకా అంచు మీదే చెయ్యి పెట్టుకుని.