రఫాయెల్లా కర్రా

రఫాయెల్లా కర్రా (1943 జూన్ 18 – 2021 జులై 5) ఇటలీకి చెందిన గాయని, నర్తకి, నటి, టెలివిజన్ వ్యాఖ్యాత. అసలు పేరు రఫాయెల్లా మరియా రొబెర్తా పెల్లోని. డిస్కో పాటను రాత్రి క్లబ్బులకే వదిలెయ్యకుండా, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే టీవీ ముందుకు తెచ్చిన కళాకారిణి. ఇటలీతో పాటు స్పెయిన్, లాటిన్ అమెరికా దేశాల్లోనూ ఆమెను సొంత మనిషిలా చూసుకున్నారు.

తొలి జీవితం

బొలోన్యా నగరంలో పుట్టి, అడ్రియాటిక్ సముద్రతీరంలోని బెల్లారియాలో పెరిగింది. ఎనిమిదేళ్ల వయసులో నాట్యం నేర్చుకోవడానికి రోమ్ చేరింది. తర్వాత అక్కడి సినిమా శిక్షణ సంస్థలో నటన అభ్యసించింది. రఫాయెల్లా అన్న పేరు వింటే చిత్రకారుడు రాఫెల్ గుర్తొస్తాడని, దాని పక్కన మరో చిత్రకారుడు కార్లో కర్రా ఇంటిపేరు చేర్చమని దర్శకుడు దాంతె గ్వార్దమాన్యా సలహా ఇచ్చాడు. 1965లో ఫ్రాంక్ సినాట్రా కథానాయకుడిగా వచ్చిన 'వాన్ ర్యాన్స్ ఎక్స్‌ప్రెస్'లో నటించినా, ఆమెకు పేరు తెచ్చింది మాత్రం టెలివిజనే.

టెలివిజన్‌లో ప్రవేశం

1970లో ప్రభుత్వ ప్రసార సంస్థ రాయ్‌లో వచ్చిన 'కాన్జొనీస్సిమా' ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ కార్యక్రమంలో బొడ్డు కనిపించే దుస్తులతో ఆడిపాడడం అప్పట్లో పెద్ద దుమారం రేపింది. మరుసటి ఏడాది వచ్చిన 'తూకా తూకా' పాటలో జంట ఒకరి మోకాళ్లను, నడుమును, భుజాలను మరొకరు తాకుతూ ఆడతారు. వాటికన్ దినపత్రిక దీన్ని తప్పుపట్టింది. కానీ ప్రఖ్యాత నటుడు అల్బెర్తో సోర్ది ఆమెతో కలిసి అదే నాట్యం ఆడాక, దాన్ని ఇక ఎవరూ ఆపలేకపోయారు.

ఆమె ముద్ర ఒక్క కదలికలో తెలిసిపోతుంది. నడుమును విల్లులా వెనక్కి వంచి తల విసిరితే, మెడ దాకా కత్తిరించిన బంగారురంగు జుట్టు ఒక్కసారిగా ఎగిరి, పాట తాళం తప్పకముందే కుదురుగా తన చోటికి వచ్చి వాలేది.

డిస్కో పాటలు

1974 నాటి 'రుమోరె' ఆమె డిస్కో పాటల్లో మొదట చెప్పుకోవలసినది. ఒంటరిగా బతకాలని నిర్ణయించుకున్న స్త్రీకి రాత్రివేళ ఏదో చప్పుడు వినిపించి గుండె ఝల్లుమంటుంది. ఆ భయాన్ని గబగబా సాగే లయ మోసుకుపోతుంది. 1976లో వచ్చిన 'ఆ ఫార్ లమోరె కొమించా తూ' ప్రేమలో తొలి అడుగు నువ్వే వెయ్యమని స్త్రీకి ధైర్యం చెప్పింది. స్పానిష్, జర్మన్, ఇంగ్లిష్ భాషల్లోనూ ఆమె ఈ పాట పాడింది. ఇంగ్లిష్ రూపం 1978లో బ్రిటన్ పాటల జాబితాలో 9వ స్థానానికి చేరింది.

'ఫియెస్తా' (1977), 'తాంతి ఔగూరి' (1978) కూడా ఊరూరా మోగాయి. 1978లోనే ఒక స్వలింగ ప్రేమికుడి కథను 'లూకా' అనే పాటగా పాడింది. పలు పాటలకు సాహిత్యం అందించిన జాన్ని బొంకొంపాన్యి చాలాకాలం ఆమె జీవన సహచరుడు.

స్పెయిన్, తర్వాతి కాలం

నియంత ఫ్రాంకో 1975లో మరణించాడు. ఆ మరుసటి ఏడాదే స్పెయిన్ టెలివిజన్ ఆమె పేరుతో ఒక కార్యక్రమం నడిపింది. దశాబ్దాల కట్టుబాట్ల నుంచి బయటపడుతున్న ఆ సమాజానికి ఆమె నవ్వూ ఆటా స్వేచ్ఛకు గుర్తులయ్యాయి. 2018లో స్పెయిన్ ప్రభుత్వం ఆమెను పౌర పురస్కారంతో గౌరవించింది.

1983లో ఇటలీలో మొదలైన 'ప్రోంతో, రఫాయెల్లా?' మధ్యాహ్న ప్రసారాలకు కొత్త ఊపు తెచ్చింది. గాజు జాడీలో ఎన్ని చిక్కుడు గింజలున్నాయో ప్రేక్షకులు ఫోన్ చేసి చెప్పాలి. అంత చిన్న ఆటను దేశమంతా ఆసక్తిగా ఆడింది. 1995లో మొదలైన 'కర్రాంబా! కె సొర్‌ప్రేసా' ఏళ్ల తరబడి దూరమైన ఆత్మీయులను వేదిక మీద కలిపింది.

వారసత్వం

1976 నాటి 'ఆ ఫార్ లమోరె కొమించా తూ' పాటకు ఫ్రెంచ్ డీజే బాబ్ సింక్లార్ 2011లో కొత్త రూపమిచ్చాడు. పావొలో సొరెంతీనో తన 'లా గ్రాందె బెల్లెజ్జా' (2013)లో రోమ్ మేడమీది విందు సన్నివేశానికి దాన్నే వాడుకున్నాడు. ఆ సినిమా ఆస్కార్ గెలుచుకుంది. ఆమె పాటలతోనే అల్లిన స్పానిష్ సంగీత చిత్రం 'ఎక్స్‌ప్లోతా ఎక్స్‌ప్లోతా' 2020లో విడుదలైంది.

78 ఏళ్ల వయసులో రోమ్‌లో కన్నుమూసింది. జీవితమంతా తళుకుల దుస్తుల్లో మెరిసిన ఆమె, తన అంత్యక్రియలకు కోరుకున్నది నునుపు చెయ్యని మామూలు చెక్క పెట్టె మాత్రమే. మాడ్రిడ్ నగరం ఒక కూడలికి ఆమె పేరు పెట్టుకుంది.