నాలుగు గళ్లు, ఊరంత జనం

దినపత్రికలో కామిక్ స్ట్రిప్‌కు దక్కేది రోజుకు మూడు, నాలుగు గళ్లు. ఒక గడిలో ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే మూడోవాడికి చోటు కష్టమే. అయినా అమెరికా పత్రికల్లో దశాబ్దాల పాటు నడిచిన స్ట్రిప్పులు చాలావరకు జనంతో కిటకిటలాడాయి. కొత్తవాణ్ని పుట్టించడం పెద్ద పనేం కాదు. పాతవాణ్ని ఎలా సాగనంపాలన్నదే కార్టూనిస్టుకు వచ్చే చిక్కు.

ఫ్రాంక్ కింగ్ 1918 నవంబరులో షికాగో ట్రిబ్యూన్‌లో మొదలుపెట్టిన ‘గ్యాసొలిన్ ఆలీ’ తొలినాళ్లలో కార్ల పిచ్చి ఉన్న మగవాళ్ల కబుర్లు, అంతే. వాల్ట్, డాక్, ఏవరీ, బిల్ చేరి ఇంజన్లు విప్పుకుంటూ ఉండేవారు. ఆడవాళ్లు కూడా చదవాలంటే ఇందులో ఒక పసిబిడ్డ ఉండాలన్నారు ప్రచురణకర్త జోసెఫ్ ప్యాటర్సన్. వాల్ట్ చూస్తే బ్రహ్మచారి! అందుకని 1921 ఫిబ్రవరి 14న అతని గుమ్మం ముందు ఎవరో బిడ్డను వదిలి వెళ్లినట్టు కథ అల్లారు. ఆ బిడ్డే స్కీజిక్స్.

ఆ తర్వాత కింగ్ చేసింది అప్పటికి అరుదైన పని. బిడ్డను ఎదగనిచ్చారు. పాఠకుల ఇళ్లలో ఏడాది గడిస్తే స్ట్రిప్‌లోనూ ఏడాది గడిచేది. 1926లో వాల్ట్, ఫిలిస్‌ను పెళ్లాడాడు. 1928లో కార్కీ పుట్టాడు. 1935లో జూడీ అనే పాప ఇంటికి చేరింది. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన స్కీజిక్స్ 1944లో నీనాను చేసుకున్నాడు. ఇంతమంది చేరాక గజిబిజి కావాలి, కానీ కాలేదు. చుట్టరికం అందరినీ కలిపి ఉంచింది. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డా పాఠకుడికి వరస తెలుసు. పెళ్లి, పురుడు, బడి, యుద్ధం... కథకు కావలసిన సరుకంతా క్యాలెండరే తెచ్చిపెట్టేది.

‘టెర్రీ అండ్ ది పైరేట్స్’లో మిల్టన్ కానిఫ్ మరింత కటువైన దారి పట్టారు. 1941 అక్టోబరులో రేవెన్ షెర్మన్ అనే పాత్రను చంపేశారు. పాఠకులు నిజంగా ఎవరో పోయినట్టే పూలు పంపారు.

చార్లెస్ షుల్జ్‌కు ఈ రెండు దారులూ లేవు. 1950 అక్టోబరు 2న ఏడు పత్రికల్లో మొదలైన ‘పీనట్స్’లో పిల్లలు పెద్దవాళ్లు కారు. ష్రోడర్, లైనస్, శాలీ పసివాళ్లుగా వచ్చి, మాటకు మాట అనగలిగే వయసు దాకా ఎదిగి అక్కడే ఆగిపోయారు. పెళ్లిళ్లు లేవు, చావులు లేవు. మరి జనాన్ని అదుపులో ఉంచడం ఎలా? షుల్జ్ ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించారు: ష్రోడర్‌కు పియానో, లైనస్‌కు దుప్పటి, పిగ్‌పెన్‌కు ఒంటినిండా దుమ్ము. ఆ పని నవ్వు పుట్టించినంత కాలమే పిలుపు. మొదటిరోజు స్ట్రిప్‌లో మాటలన్నీ షెర్మీ అనే అబ్బాయివే. అతనికంటూ ప్రత్యేకమైన గుణం లేకపోవడంతో మెల్లగా కనుమరుగయ్యాడు. ప్యాటీ, వయొలెట్ కూడా అంతే. ఎవరికీ వీడ్కోలు లేదు. చూడ్డానికి ఇది నిర్దయే, కానీ బలవంతపు పెళ్లిళ్లకంటే, ప్రమాదాలకంటే నిజాయితీ గల పద్ధతి.

ఒక్కసారి మాత్రం వీడ్కోలు ఘనంగానే జరిగింది. 1954 చివర్లో వచ్చిన షార్లెట్ బ్రౌన్ గొంతు చించుకుని అరిచే పిల్ల. ఆ గయ్యాళి పని లూసీ అప్పటికే చక్కగా చేస్తోంది. షార్లెట్‌ను తీసేయమని ఒక పాఠకురాలు రాశారు. 1955 జనవరిలో షుల్జ్ సరేనంటూనే, ఒక అమాయకురాలి చావు పాపం మీకే చుట్టుకుంటుందని సరదాగా జవాబిచ్చి, కింద తలలో గొడ్డలి దిగిన షార్లెట్ బొమ్మ గీశారు. ఆ ఉత్తరం ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది.

1961లో వచ్చిన, ఫ్రీడా అనే అమ్మాయి పిల్లిది మరో కథ. పిల్లి ఎదురుగా ఉంటే స్నూపీ మళ్లీ మామూలు కుక్కయిపోతున్నాడు. పైగా తనకు పిల్లిని గీయడం సరిగా రాదని షుల్జే ఒప్పుకున్నారు. దాన్ని పంపేశారు. తర్వాత పక్కింటి పిల్లి వచ్చింది కానీ, అది గడిలోకి అడుగు పెట్టలేదు. స్నూపీ ఇంటిని పంజాతో చీల్చేసి పోతుంది, అంతవరకే. చార్లీ బ్రౌన్ మనసు పారేసుకున్న ఎర్రజుట్టు పిల్ల ముఖమూ స్ట్రిప్‌లో ఎన్నడూ కనిపించలేదు. చోటు చాలనప్పుడు గడి బయట కూడా పాత్రలను నిలబెట్టొచ్చని ఆయనకు బాగా తెలుసు. 1966లో పెప్పర్‌మింట్ ప్యాటీ వేరే పేట నుంచి, వేరే బడి నుంచి వచ్చింది. ఫ్రాంక్లిన్, మార్సీ ఆమె జట్టులో కుదురుకున్నారు. పాతవాళ్లను కదిలించకుండానే రెండో బృందం తయారైంది.

1970లో ‘డూన్స్‌బరీ’ మొదలుపెట్టిన గ్యారీ ట్రుడో మొదట షుల్జ్ దారిలోనే, పన్నెండేళ్లు తన విద్యార్థులను విద్యార్థులుగానే ఉంచారు. 1983 జనవరిలో స్ట్రిప్ ఆపి, మరుసటి ఏడాది తిరిగొచ్చేసరికి వాళ్లు చదువు ముగించేశారు. అప్పటినుంచి కింగ్ పాత్రల్లాగే వయసు మీదేసుకుంటూ పోయారు.

కింగ్ పద్ధతిలో ఉన్న బాకీ మాత్రం వారసుల నెత్తిన పడింది. ఆయన 1969లో పోయారు. డిక్ మూర్స్ తర్వాత, 1986 నుంచి జిమ్ స్కాన్‌కరెల్లి గీస్తున్నారు. లెక్క ప్రకారం పాత తరమంతా పోవాలి. 2004లో ఫిలిస్‌ను పోనిచ్చారు. వాల్ట్‌ను పోనివ్వడానికి చేయి రాలేదు. నూరేళ్లు ఎప్పుడో దాటినా అతను స్ట్రిప్‌లో తిరుగుతూనే ఉన్నాడు. ఆగిపోయిన స్ట్రిప్పుల పాత్రలు తలదాచుకునే వృద్ధాశ్రమం ఒకటి ఆ కథలోనే ఉంది. వాల్ట్ అక్కడికి విందుకు వెళ్లి, తిన్నగా ఇంటికి తిరిగొచ్చాడు.